చివరి విమానం దిగాక: చిన్న దీవిలో రాత్రిపూట బండి దొరకడం వెనుక లెక్క

రాత్రి పదకొండున్నరకు హైదరాబాదులోనో చెన్నైలోనో విమానం దిగితే పెద్దగా కంగారు ఉండదు. క్యాబు రాకపోతే ఇంకో క్యాబు, అదీ కాకపోతే బస్సు, ఏదీ లేకపోతే ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోను. అదే విమానం మాల్దీవుల్లోని హుల్హులే అనే దీవి మీద దిగిందనుకోండి. దీవి పొడవునా రన్‌వేనే. టెర్మినల్ దాటి నాలుగు అడుగులు వేస్తే ఎదురుగా పడవల జెట్టీ, దాని వెనుక చీకటి సముద్రం. మీరు వెళ్లవలసిన చోటు పక్క దీవి కావచ్చు, రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న దీవి కూడా కావచ్చు. పక్క ఊరి నుంచి ఇంకో బండిని పిలిపించుకుందామంటే, పక్క ఊరికీ మధ్యలో సముద్రమే.

ఇది విహారయాత్రలకు వెళ్లేవారి ఇబ్బంది మాత్రమే అనుకుంటే పొరపాటు. వైద్యం కోసం తిరువనంతపురం, కొచ్చి వంటి మన నగరాలకు వచ్చి వెళ్లే మాల్దీవుల కుటుంబాలు చాలా ఉన్నాయి. కుట్లు ఇంకా ఆరని మనిషి అర్ధరాత్రి దిగి, తన దీవికి వెళ్లే పడవ కోసం తెల్లవారేదాకా ఎక్కడ కూర్చోవాలి? పర్యాటకుడికైతే ఒక హోటలు గది ఖర్చు. ఈ మనిషికి అది ఆరోగ్యం సంగతి. రెండింటి వెనుకా ఉన్న లెక్క మాత్రం ఒక్కటే. కొంత సూర్యుడి లెక్క, కొంత నీటి లెక్క, ఎక్కువ భాగం వరుసలో నిలబడే మనుషుల లెక్క.

సూర్యుడు వేసే గేటు

మాల్దీవుల రాజధాని మాలే భూమధ్యరేఖకు ఉత్తరంగా కేవలం 4 డిగ్రీల దూరంలో ఉంది. అందువల్ల అక్కడ వేసవి, చలికాలం అన్న తేడా లేకుండా ఏడాది పొడవునా సాయంత్రం ఆరుకు అటూ ఇటూగా సూర్యాస్తమయం అవుతుంది. ఆ తరువాత వెలుగు ఎక్కువసేపు నిలవదు కూడా. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగంతం కిందికి జారిపోతాడు. పనులు చేసుకోవడానికి సరిపడే సంధ్యాకాంతి ఇరవై నిమిషాలకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. లండన్‌లో జూన్ నెలలో సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అదే వెలుగు ముప్పావు గంట దాకా ఉంటుంది.

ఈ సంగతి ఎందుకంటే, మాల్దీవుల్లో దూరపు రిసార్టులకు మనుషులను చేరవేసే ముఖ్య సాధనం సీ ప్లేన్. పదిహేను మంది దాకా పట్టే ట్విన్ ఆటర్ విమానాలకు చక్రాల బదులు తేలే తొట్లు బిగించి నీటి మీదే దింపుతారు. ఇవి పగలే ఎగురుతాయి. పైలట్ కంటితో చూస్తూ నడపవలసిన నిబంధనల కింద ఇవి పనిచేస్తాయి. ఇది మొండి నిబంధనేమీ కాదు. సీ ప్లేన్ దిగే మడుగులో దీపాల వరుస ఉండదు. గాలివాటాన్ని బట్టి దిగే దిక్కు మారుతుంది. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి, దీపం లేని పడవ ఒకటి అడ్డం వచ్చినా చాలు. పైగా గాలి లేని వేళ నీరు అద్దంలా మారితే, తానెంత ఎత్తులో ఉన్నాడో పైలట్‌కు పట్టపగలే సరిగా తెలియదు. కంటికి ఆనవాలు పట్టుకోవడానికి నీటి మీద అల కూడా ఉండదు మరి. చీకట్లో ఆ ఇబ్బంది ఎన్ని రెట్లు అవుతుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి సూర్యాస్తమయానికి ముందే ఆఖరి సీ ప్లేన్ గమ్యం చేరి నీటి మీద ఆగి ఉండాలి. దారిలో ఒకటి రెండు రిసార్టుల దగ్గర ఆగుతూ వెళ్తుంది కాబట్టి ఇంకా ముందే బయలుదేరాలి. అందుకే మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగే అంతర్జాతీయ ప్రయాణికులకు ఆ రోజు సీ ప్లేన్ అందుతుందన్న భరోసా ఉండదు. ఇక్కడ "రాత్రి రాక" అన్నది గడియారంలో పదకొండుకు కాదు, పగలు నాలుగింటికే మొదలవుతుంది. టికెట్ కొనేటప్పుడు చాలామంది గమనించని విషయం ఇదే.

చీకట్లో పడవ

మిగిలేది పడవ. మాలే చుట్టుపక్కల దీవులకు స్పీడ్‌బోట్లు రాత్రిపూట కూడా నడుస్తాయి. మాల్దీవుల సంప్రదాయ పడవ పేరు ధోనీ. ఆ మాటలో మన దోనె వినిపిస్తుంది. వంతెన రాకముందు విమానాశ్రయం నుంచి మాలేకు జనాన్ని దాటించింది ఈ ధోనీలే.

పగటిపూట పడవ నడిపేవాడు నీటి రంగును చదువుతాడు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు మొదటి కొద్ది మీటర్లలోనే పీల్చేసుకుంటుంది. లోతు తక్కువ ఉన్నచోట మిగిలిన నీలం, ఆకుపచ్చ కాంతి అడుగున ఉన్న తెల్లటి పగడపు ఇసుకకు తగిలి వెనక్కి వస్తుంది. అందుకే అక్కడ నీరు లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. లోతైన చోట కాంతి అడుగు దాకా పోదు, తిరిగి రాదు. నీటిలో చెదిరిన నీలమే కనిపిస్తుంది. పగడపు దిబ్బ ముదురు గోధుమ మచ్చలా ఉంటుంది. అంటే సముద్రమే లోతు పటం గీసి పెడుతుంది. సూర్యుడు పోగానే ఆ పటం చెరిగిపోతుంది. అప్పుడు జీపీఎస్ తెర, కొన్ని పడవల్లో రాడార్, దిబ్బల అంచున పెట్టిన గుర్తులు, అన్నిటినీ మించి నడిపేవాడికి ఉన్న అలవాటు. దగ్గరి దీవులకు రాత్రి సర్వీసులు ఉండి దూరపువాటికి లేకపోవడానికి ఇంధనం ఖర్చు ఒక కారణమైతే, ఇది మరొకటి.

సముద్రపు తీరు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. పగడపు దీవుల వలయాల లోపల నీరు కాస్త నెమ్మదిగా ఉంటుంది. రెండు వలయాల మధ్య ఉన్న లోతైన పాయను అక్కడివారు కండు అంటారు. నైరుతి రుతుపవనాల నెలల్లో కండు దాటేటప్పుడు స్పీడ్‌బోటు అల మీద నుంచి ఎగిరి దబ్బున పడుతుంది. నీటి మీద లేచి పరుగెత్తే పడవలో ఆ దెబ్బ ముందుభాగంలో ఎక్కువ, వెనుకభాగంలో తక్కువ. నడుము నొప్పి ఉన్నవారిని, గర్భిణులను వెనుక వరుసలో కూర్చోబెట్టమని చెప్పడం మర్యాద కోసం కాదు, భౌతికశాస్త్రం కోసం.

వంతెన ఏం మార్చింది

2018 ఆగస్టు చివరిలో సినమాలే వంతెన తెరుచుకుంది. మాలే నగరాన్ని విమానాశ్రయం ఉన్న హుల్హులేతో కలిపింది. హుల్హులేకు మరోవైపున, సముద్రాన్ని పూడ్చి కట్టిన హుల్హుమాలే పట్టణం అప్పటికే రోడ్డుతో కలిసి ఉంది. దాంతో మూడు దీవులూ ఒకే రోడ్డు మీదికి వచ్చాయి. అర్ధరాత్రి దిగి మాలేకు వెళ్లవలసినవాడికి ట్యాక్సీ, బస్సు అన్నవి మొదటిసారి నిజమైన దారులయ్యాయి.

రాత్రి ఆలస్యంగా దిగేవారిలో చాలామంది ఇప్పుడు చేసేది ఇదే. హుల్హుమాలేలో ఒక గదిలో తల వాల్చి, తెల్లవారాక సీ ప్లేన్ లేదా దేశీయ విమానం లేదా పబ్లిక్ పడవ పట్టుకోవడం. నా అభిప్రాయంలో ఇది తెలివైన పద్ధతి. డబ్బు పోసి చీకట్లో గంటన్నర పడవ ప్రయాణం చేయడం కంటే ఆ గది చవక, క్షేమం కూడా. కానీ ఇక్కడ అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆ నాలుగు కిలోమీటర్లూ దాటించే బండి దొరుకుతుందా?

ముప్పై గుంపులు, ఎనిమిది ట్యాక్సీలు

ఇకపై చెప్పే అంకెలు ఏ ఒక్క విమానాశ్రయానివీ కావు. ఏ చిన్న దీవికైనా సరిపోయేలా వేసుకున్న ఊహా లెక్క. మీరూ కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

ఆ రాత్రి చివరి విమానంలో వచ్చినవారిలో 60 మందికి ట్యాక్సీ కావాలి. ఇద్దరేసి కలిసి వచ్చారనుకుంటే 30 గుంపులు. ఇమిగ్రేషన్, సామాను బెల్టు దాటుకుంటూ వారు 40 నిమిషాల వ్యవధిలో ఒకరి తరువాత ఒకరు బయటికి వస్తారు. అంటే 80 సెకన్లకు ఒక గుంపు. బయట 8 ట్యాక్సీలు ఉన్నాయి. ఒక్కో ట్యాక్సీ వెళ్లి, దింపి, తిరిగి రావడానికి 30 నిమిషాలు.

మొదటి ఎనిమిది గుంపులూ అదృష్టవంతులు. వచ్చీ రాగానే ఎక్కేస్తారు. తొమ్మిదో గుంపు పదకొండో నిమిషం లోపే బయటికి వస్తుంది, కానీ మొదటి ట్యాక్సీ తిరిగొచ్చేది 30వ నిమిషానికి. నిరీక్షణ 19 నిమిషాలు. పదిహేడో గుంపు మూడో విడత కోసం ఆగాలి, 39 నిమిషాలు. ఇరవై అయిదో గుంపు నుంచి ముప్పయ్యో గుంపు దాకా ఒక్కొక్కరికీ 58 నిమిషాలు పడుతుంది. బెల్టు మీద పెట్టె ఆఖరున వచ్చినవారు, చక్రాల కుర్చీలో వచ్చినవారు, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని మెల్లగా నడిచినవారు... ఎక్కువగా ఈ ఆఖరి ఆరు గుంపుల్లోనే ఉంటారు. వరుస పొడుగు భారం బలహీనుల మీదే పడుతుంది.

రోజు మొత్తం మీద సగటు తీస్తే ఈ విమానాశ్రయంలో ట్యాక్సీల కొరత కనిపించకపోవచ్చు. మధ్యాహ్నమంతా డ్రైవర్లు చెట్టు నీడన కూర్చుని ఉండవచ్చు. సగటు ఇక్కడ మోసం చేస్తుంది. వరుసల గణితానికి 1909లో డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ పునాది వేశాడు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఎన్ని లైన్లు పెట్టాలన్నది ఆయన సమస్య. ఫోన్లు ఎవరికి వారు విడివిడిగా చేస్తారు. విమానం అలా కాదు, మనుషులను గంపెడుగా తెచ్చి ఒక్కసారి గుమ్మరిస్తుంది. ఎక్కడైనా అంతే, కానీ పెద్ద నగరంలో ఒక విమానం గుంపు ఇంకో విమానం గుంపుతో కలిసి, ప్రవాహం కాస్త సమంగా మారుతుంది. చిన్న దీవిలో ఆ రాత్రికి అదొక్కటే విమానం.

దీనికి మందు ఏమిటి? మొదట తోచేది ట్యాక్సీలు పెంచడం. లెక్క వేసి చూస్తే, ఎవరూ పావుగంటకు మించి ఆగకుండా ఉండాలంటే 8 బదులు 15 ట్యాక్సీలు కావాలి. దాదాపు రెట్టింపు. రోజుకు అరగంట పని కోసం ఏడు బండ్లు కొని ఎవరు ఊరికే నిలబెడతారు? దీవిలో వాటికి చోటెక్కడ?

రెండో దారి చూడండి. ఒకే దిక్కుకు వెళ్లే రెండు గుంపులను ఒక బండిలో ఎక్కిస్తే 30 ప్రయాణాలు 15 అవుతాయి. ఇద్దరినీ దింపాలి కాబట్టి ఒక్కో విడతకు 30 బదులు 35 నిమిషాలు పట్టనివ్వండి. మొదటి ఎనిమిది బండ్లు వెళ్లాక తొమ్మిదో బండికి జతలు సిద్ధమయ్యేది 23వ నిమిషానికి దగ్గరగా. తిరిగొచ్చిన ట్యాక్సీ అందేది 36 దాటాక. తోడు కోసం ఆగిన ఆ కాస్త సమయాన్నీ కలిపి ఎవరికైనా 15 నిమిషాలకు మించదు. ప్రయాణాలు సగమే తగ్గాయి. ఆఖరివాడి నిరీక్షణ 58 నుంచి 15కు, అంటే నాలుగో వంతుకు పడిపోయింది. కారణం సులువే. మొత్తం పని మూడో నాలుగో విడతలకు పోకుండా రెండో విడతలోనే ముగిసింది.

ఒక చిన్న బస్సు ఉంటే ఇంకా మేలు. 30 గుంపుల్లో సగం బస్సెక్కితే చాలు, ట్యాక్సీ కోసం ఆగేవారి గరిష్ఠ నిరీక్షణ 9 నిమిషాలకు దిగుతుంది. కానీ బస్సుకు ఒక షరతు ఉంది. అది గడియారాన్ని కాక విమానాన్ని చూసి కదలాలి. ఠంచనుగా పన్నెండుకు వెళ్లిపోయే బస్సు, పన్నెండుంపావుకు బయటికొచ్చిన జనానికి ఖాళీ స్టాపును మిగులుస్తుంది. ఆఖరి బస్సు విషయంలో సమయపాలన అనే మంచి గుణం చెడ్డదవుతుంది.

రిసార్టుల స్పీడ్‌బోట్లు ఈ పద్ధతినే మరోవైపు లాగుతాయి. రెండు మూడు విమానాల్లో వచ్చినవారిని పోగుచేసి ఒకే పడవలో పంపుతాయి. పడవ నిండుగా వెళ్తే ఖర్చు తగ్గుతుంది. మొదటి విమానంలో వచ్చినవారు మాత్రం లాంజ్‌లో గంట, అంతకన్నా ఎక్కువా కూర్చుంటారు. బుక్ చేసేటప్పుడు "షేర్డ్" అన్న మాటకు అర్థం ఇదని అడిగి తెలుసుకోవాలి. అది తప్పేమీ కాదు, తెలియకపోవడమే ఇబ్బంది.

డ్రైవరు వైపు నుంచి

ట్యాక్సీ స్టాండులో ఒక వింత ఉంది. అక్కడ ఒక్కోసారి మనుషులు బండ్ల కోసం నిలబడతారు, ఒక్కోసారి బండ్లు మనుషుల కోసం. ఈ రెండు తలల వరుసను బ్రిటిష్ గణితవేత్త డేవిడ్ కెండాల్ 1951 నాటి తన పత్రంలో ప్రస్తావించాడు. 1966లో బి.ఆర్.కె. కశ్యప్ దీన్నే మరికాస్త విస్తరించి, నిలబడే చోటు పరిమితంగా ఉన్నప్పుడు, జనాన్ని గుంపులుగా ఎక్కించేటప్పుడు ఏమవుతుందో లెక్కగట్టారు. చిన్న దీవి టెర్మినల్ బయట జరిగేది దాదాపు ఇదే.

డ్రైవరు స్థానంలో నిలబడి చూడండి. విమానం పదకొండింటికి రావాలి. ఒకటింపావుకు వచ్చింది. దిగినవారిలో ఎక్కువమందికి ముందే హోటలు బండ్లు వచ్చి ఉన్నాయి. రెండు గంటలు కాచుకున్నందుకు ఒక్క బేరం దొరికింది, లేదా అదీ లేదు. రేపు అతను వస్తాడా? రాడు. బయట బండ్లు తగ్గాయని తెలిసిన ప్రయాణికులు ఇంకా ఎక్కువమంది ముందే బుక్ చేసుకుంటారు. దాంతో స్టాండులో బేరాలు ఇంకా తగ్గుతాయి, బండ్లు కూడా. ఈ చక్రం చివరికి ఎక్కడ ఆగుతుందంటే, ముందు బుక్ చేసుకోలేనివారికి, అంటే ఆ భాష రానివారికి, స్మార్ట్‌ఫోను లేనివారికి, చివరి నిమిషంలో టికెట్ కొన్న రోగి బంధువుకు, అసలు ఏమీ దొరకని చోట. "ముందే బుక్ చేసుకోండి" అన్న సలహా ఒక్కొక్కరికీ మంచిదే. అందరూ పాటిస్తే మిగిలినవారికి చేటు.

ఈ చక్రాన్ని తెంచేది సమాచారం. ఈ రాత్రి విమానంలో ఎంతమందికి బండి కావాలో డ్రైవర్లకు సాయంత్రమే తెలిస్తే, అంతమందే వస్తారు, వచ్చినవారికి బేరం ఖాయం. విమానం లోపల ఉన్నప్పుడే గమ్యం చెప్పించుకుని ఒకే దిక్కువారిని జత కలపవచ్చు. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. విమానాశ్రయం, హోటళ్లు, డ్రైవర్లు ఉన్న ఒక వాట్సాప్ గ్రూపు చాలు. చిన్న దీవికి ఉన్న ఒక సౌకర్యం ఇదే, అందరికీ అందరూ తెలుసు.

విమానం ఎక్కడుందో తెలుసుకోవడం మునుపటికన్నా తేలిక. ఇప్పటి విమానాలు తమ స్థానాన్ని దాదాపు అర సెకనుకోసారి రేడియోలో ప్రకటిస్తూ ఎగురుతాయి. నేల మీది రిసీవర్లు ఆ సంకేతాలను పట్టి ఫోను యాప్‌లలో చూపిస్తాయి. రేడియో తరంగం భూమి వంపును దాటి పోలేదు కాబట్టి, పదిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న విమానం నేల మీది రిసీవరుకు సుమారు 400 కిలోమీటర్ల దూరం నుంచి వినిపించడం మొదలవుతుంది. సముద్రం మీద మధ్యలో రిసీవర్లు ఉండవు. అందుకే తెర మీద విమానం కాసేపు మాయమై మళ్లీ కనిపిస్తుంది. భయపడవద్దు. దీవిలో ఉన్న రిసీవరు పట్టుకున్నాక దిగడానికి ఇంకా అరగంట పైనే ఉంటుంది. పడవవాడు ఇంట్లో టీ తాగి జెట్టీకి రావడానికి అది చాలు.

రాత్రి చివరి విమానమే ఎందుకంత తరచుగా ఆలస్యమవుతుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఒకే విమానం పొద్దుటి నుంచి అయిదారు ఊళ్లు తిరుగుతుంది. ఉదయం ఒక చోట పోయిన ఇరవై నిమిషాలు తరువాతి ప్రయాణానికి అప్పుగా వెళ్తాయి. ప్రతి చోటా కొంత తీరుస్తారు, కొంత కొత్తగా చేరుతుంది. మిగిలిన అప్పంతా తీర్చేది ఆఖరి ప్రయాణంలో ఉన్నవారు. అందుకే రాత్రి ప్రయాణానికి బండి మాట్లాడేటప్పుడు టికెట్ మీది సమయం కన్నా విమానం నంబరు ముఖ్యం. సమయం మారుతుంది, నంబరు మారదు.

ఏ తేదీ, ఏ గడియారం

రాత్రి ఏర్పాట్లను చెడగొట్టేవాటిలో అతి చిన్నది తేదీ. "15వ తేదీ రాత్రి 12:20కి వస్తాం" అని ఎవరైనా అంటే అది ఏ రాత్రి? విమాన సంస్థ లెక్కలో 15వ తేదీ మొదలైన ఇరవై నిమిషాలకు. అంటే మన వాడుకలో 14వ తేదీ రాత్రి. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, పడుకుని లేస్తేనే మరో రోజు. అర్ధరాత్రి తేదీ మారడం మన నాలుకకు ఇంకా అలవాటు కాలేదు. ఫలితంగా బండి ఒక రోజు ఆలస్యంగా వస్తుంది, ఆ తప్పు ఎవరిదో తేలదు. "14, 15 తేదీల మధ్య రాత్రి" అంటే ఇబ్బందే లేదు.

రెండోది గడియారం. మాల్దీవుల సమయం మనకన్నా అరగంట వెనుక. మనకు పదకొండున్నర అయితే మాలేలో పదకొండు. దీనికి తోడు, అతిథులకు సాయంత్రపు వెలుగు మరో గంట దొరకాలని చాలా రిసార్టులు తమ దీవి గడియారాన్ని మాలే కన్నా గంట ముందుకు తిప్పుకుంటాయి. అంటే తిరుగు ప్రయాణంలో "పడవ ఏడింటికి" అంటే అది దీవి సమయమా మాలే సమయమా అని అడగక తప్పదు. విమానం మాత్రం మాలే సమయాన్నే అనుసరిస్తుంది.

మన దీవుల్లో

అండమాన్‌లో ఇదే లెక్క వేరే రూపంలో కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి వంద మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి రాకపోకలు ఎక్కువ. పేరు మారి ఇప్పుడు శ్రీ విజయపురం అయిన పోర్ట్ బ్లెయిర్ సుమారు 93 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన గడియారమేమో 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ తేడా వల్ల అక్కడ సూర్యుడు మనకన్నా త్వరగా మునుగుతాడు. నవంబరు చివర్లో సాయంత్రం అయిదు కూడా కాకముందే సూర్యాస్తమయం. మధ్యాహ్నం మూడింటికి దిగి, "ఇంకా బోలెడు పొద్దుంది" అనుకున్నవారికి చూస్తుండగానే చీకటి పడుతుంది.

అక్కడ ఊళ్లోకి ఆటో, ట్యాక్సీ దొరకడం పెద్ద సమస్య కాదు. విమానాశ్రయం ఊరిని ఆనుకునే ఉంది. ఆ పైన వెళ్లవలసిన వారిదే చిక్కు. స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లే చివరి పడవ సాధారణంగా మధ్యాహ్నమే వెళ్లిపోతుంది. ఉత్తరాన బారాటాంగ్, మాయాబందర్ వైపు రోడ్డు జరావా ఆదివాసుల రక్షిత అడవి గుండా సాగుతుంది. అక్కడ వాహనాలను పగటిపూట మాత్రమే, నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా పంపుతారు. ఆ గేటు మూతపడటం ఒక జాతి ప్రశాంతంగా బతకడం కోసం. దాన్ని రాత్రి కూడా తెరవాలని అడగడం సరికాదు. మన టికెట్‌నే ఉదయానికి మార్చుకోవాలి. లక్షద్వీప్‌లోని అగత్తి ఈ గొడవ లేకుండా చేసింది. కొచ్చి నుంచి వచ్చే చిన్న విమానాలు పగలే దిగుతాయి కాబట్టి పక్క దీవులకు పడవ ప్రయాణాన్ని వెలుగులోనే సర్దుకోవచ్చు.

ఇక బయలుదేరే ముందు మీరు చేయగలిగింది ఒక చిన్న సందేశం. దాన్ని హోటలుకో, పడవ నడిపేవారికో మొదటి రోజే పంపండి. మాలేకు అయితే ఇలా: "14, 15 తేదీల మధ్య రాత్రి, మాలే సమయం 12:20. విమానం నంబరు ఫలానా. నలుగురం, అందులో ఒకరు చక్రాల కుర్చీలో, పెట్టెలు అయిదు. ఆలస్యమైతే ఎంతసేపు ఆగుతారు? ఆగలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? అదే దారిలో వెళ్లేవారు ఇంకెవరైనా ఉంటే బండిలో కలుపుకోవడానికి మాకు అభ్యంతరం లేదు." జవాబులో వచ్చిన ఫోన్ నంబరును కాగితం మీద కూడా రాసుకోండి. ఆ వేళకు ఫోనులో ఛార్జింగ్ ఉండకపోవచ్చు, కొత్త సిమ్ కౌంటరు మూసి ఉండవచ్చు.